ఇసుక ధార: పోలికా, చుట్టరికమా?

ధార పక్షం: నిండు బకెట్‌లోకి పైనుంచి ఒక గోలీ వదులు. అది మునుగుతూ తన వెనక ఒక గొయ్యి వదిలిపోతుంది. ఆ గొయ్యిని పూడ్చడానికి చుట్టూ ఉన్న నీళ్లు నాలుగు వైపులనుంచీ దూసుకొచ్చి నడిమధ్యలో ఢీకొంటాయి. పక్కలకు పోయే దారి లేదు కాబట్టి సన్నటి ధారగా పైకి చిమ్ముతాయి. ఇంగ్లండులో ఆర్థర్ వర్దింగ్టన్ ఈ చిమ్మడాన్ని మూడు దశాబ్దాలకు పైగా పరిశీలించి 1908లో పుస్తకం వేశాడు. ఆ ధారను ఇవాళ్టికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇప్పుడు నీళ్లు తీసేసి మెత్తని పొడి ఇసుక పెట్టు. 2001లో తోరోడ్సెన్, షెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి రేణువుల ధార గురించే పత్రం రాశారు. 2004లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్లు పింగ్‌పాంగ్ బంతిలో లోహపు గుళ్లు నింపి ఇసుక మీద వదిలారు. అది తన వ్యాసానికి ఐదింతల లోతుకు దిగిపోయింది. కాసేపట్లోనే అక్కడినుంచి ఇసుక నిట్టనిలువుగా లేచింది. గొయ్యి, పూడిక, ఢీ, ధార: నాలుగు మెట్లూ అవే. దాన్ని ద్రవం అనడానికి నీకు అడ్డొస్తున్నదేమిటి?

గింజ పక్షం: ధార లేచిందనడానికి నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ. ఆ ఇసుక అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పండి. రేణువు నలభై మైక్రాన్లు, అంటే మన గోధుమపిండికి దగ్గర. పైగా దాన్ని ఊరికే పెట్టెలో పోయలేదు. అడుగునుంచి గాలి ఊది, ఇసుకంతా పైకి లేచి గుల్లబారేలా చేసి, తర్వాత మెల్లమెల్లగా గాలి ఆపారు. అప్పుడు ఆ పెట్టెలో నూటికి 41 పాళ్లు మాత్రమే ఇసుక, మిగిలిందంతా ఖాళీ. మామూలు ఇసుక కుప్పలో 55 నుంచి 60 పాళ్లు ఉంటుంది. గోదావరి ఒడ్డున ఇసుకలో అదే బంతి వదిలి చూడండి. చిన్న గుంట పడుతుంది, బంతి అక్కడే కూర్చుంటుంది, ధారా లేదు ఏమీ లేదు. నీళ్లను చెంబుతో పోసినా, పంపుతో పట్టినా, ఎవరు ఎలా పోశారో వాటికి గుర్తుండదు. ఇసుకకు గుర్తుంటుంది. పెట్టెను రెండు తట్లు తట్టండి, మీ ధార మాయమైపోతుంది.

ధార పక్షం: ఒప్పుకుంటాను. అయితే నీటికీ కొన్ని షరతులున్నాయి. గడ్డకట్టిన నీళ్లలో గోలీ వేస్తే ఏ ధారా లేవదు. ఫలానా స్థితిలో ఉంటేనే ద్రవం అంటాం. ఇసుక కూడా ఫలానా స్థితిలో ద్రవం అవుతుందంటే అందులో తప్పేముంది?

గింజ పక్షం: తప్పు లేదు, కంటిని నమ్మేముందు కాస్త ఆగమంటున్నాను. మీరు వర్దింగ్టన్ పేరెత్తారు కదా, ఆయన కథలోనే నాకు కావలసిన పాఠం ఉంది. కెమెరా వాడకముందు ఆయన చీకటిగదిలో విద్యుత్ మెరుపు వెలుగులో చుక్క పడటాన్ని కంటితో చూసి బొమ్మలు గీసేవాడు. అన్నీ చక్కని గుండ్రటి కిరీటాలు, ఎటు చూసినా సమానం. 1894లో అదే చిమ్మడాన్ని ఫొటోలు తీస్తే ఏ రెండూ ఒకేలా లేవు. ఒకవైపు ఎత్తు, ఒకవైపు చితికిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లూ తన కన్నే వాటిని చక్కదిద్దుతూ వచ్చిందని ఆయన తెలుసుకున్నాడు, దాపరికం లేకుండా రాశాడు కూడా. అంత నిజాయితీపరుడి కన్నే అలా మోసపోతే, ఇసుకలో నీటిని చూడాలని ముచ్చటపడే మన కళ్ల సంగతేమిటి?

ధార పక్షం: అందుకే కంటితో ఆగలేదు. ఇసుక లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడదు గనక షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ఆర్గాన్ ప్రయోగశాలలోని శక్తిమంతమైన ఎక్స్‌రేలతో వేగంగా చిత్రాలు తీశారు. ఇసుక లోపల గొయ్యి పడటం, అది మూసుకోవడం, అక్కణ్నుంచి ధార లేవడం, అంతా కనబడింది.

గింజ పక్షం: ఆ ఎక్స్‌రేలే నా సాక్షి మాస్టారూ! అదే ప్రయోగాన్ని వాళ్లు పెట్టెలోని గాలి తోడేస్తూ మళ్లీ చేశారు. గాలి తగ్గేకొద్దీ ధార చిక్కిపోయింది. చివరికి మిగిలింది పొగలా సన్నటి చిన్న పోగు. అంటే ముందు లేచే పలచటి ధార ఒకటి, దాని వెనక లావుపాటిది ఇంకొకటి. ఈ లావుపాటి దాన్ని తోసింది ఇసుకలో చిక్కుకుని నొక్కుకుపోయిన గాలి అని వాళ్లు తేల్చారు. మీ బకెట్‌లో నీళ్లు వాటి సొంత బరువుతోనే మూసుకుని పైకి చిమ్ముతాయి. ఇక్కడ తోసేవాడు వేరే ఉన్నాడు.

ధార పక్షం: ట్వెంటె వాళ్లు దానికి జవాబు చెప్పారు, 2007లో. గాలి లేకపోతే బంతికి ఇసుక ఎక్కువ అడ్డుపడుతుంది, బంతి లోతుగా దిగదు, గొయ్యి చిన్నదవుతుంది, ధారా చిన్నదవుతుంది. గాలి ధారను తొయ్యదు, బంతికి దారి ఇస్తుంది అన్నారు. గొయ్యి మూసుకోవడం మాత్రం నీళ్లలో లాగే బరువుతో జరిగే పనే. ఇంకొకటి చెప్తాను. గాలి ప్రమేయం ఉంటే అది ద్రవం కాదంటావా? అదే 2005లో, అదే షికాగోలో, ఒక ఆల్కహాల్ చుక్కను పొడి గాజు మీద వదిలి చూశారు. మామూలు గాలిలో చింది తుంపర్లయింది. గాలి పీడనం తగ్గిస్తే చిందనే లేదు, గాజు మీద నెమ్మదిగా పరుచుకుంది. ఆల్కహాల్ ద్రవం కాదని ఎవరంటారు?

గింజ పక్షం: ఆ ఆల్కహాల్ చుక్క సంగతి నన్నూ ఆశ్చర్యపరిచింది. ట్వెంటె, షికాగోల మధ్య తగువును నా వైపు లాక్కోను, రెండు వైపులా గట్టి ప్రయోగాలే. ఒక తేడా మాత్రం చూడండి. ఆ చుక్క విషయంలో గాలి ఎంత చేసినా బయటనుంచి చేస్తుంది. చుక్క లోపలికి దూరి, అణువుకూ అణువుకూ మధ్యనుంచి పోదు. కళ్లంలో తూర్పార పట్టడం చూసే ఉంటారు. చేటను తలమీదికెత్తి గాలివాటం చూసుకుని వడ్లు జారవిడుస్తారు. దూరంనుంచి చూస్తే అది ఒకటే ధార. గాలి మాత్రం దాన్ని ధారగా చూడదు, లోపలికి దూరి ఒక్కొక్క గింజనూ విడివిడిగా పట్టుకుంటుంది. గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు రెండు గజాల అవతల పడుతుంది. నీటి ధారను ఏ గాలీ అలా వడబొయ్యలేదు. గాలికి తెలిసిన ఈ సంగతి మన సమీకరణాలకు తెలియకపోతే ఎలా?

ధార పక్షం: నువ్వు కళ్లానికి తీసుకెళ్లావు, నేను వాకిట్లోకి తీసుకెళ్తాను. ముగ్గు వేసేవాళ్ల చేతినుంచి పిండి ఎలా జారుతుందో చూడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి దారంలా దిగుతుంది, నేలను తాకేదాకా తెగదు. ఆ దారాన్ని ఒకదానితో ఒకటి అంటిపెట్టుకోని పిండి రేణువుల గుంపు అంటే నా మనసు ఒప్పుకోదు. ఎదురుగా కనిపిస్తున్నది ప్రవాహమే.

గింజ పక్షం: ఆ దారం తెగకపోవడమే అది నీరు కాదనడానికి గుర్తు. కుళాయిని సన్నగా తిప్పండి. జానెడు దూరం దిగేసరికి ధార నడుము నొక్కుకుని చుక్కలుగా విడిపోతుంది. తలతన్యత ఉన్న ఏ సన్నని ధారకైనా అదే గతి. ధార చుట్టుకొలత కంటే పొడవైన ప్రతి వంపూ పెరుగుతూ పోతుందని ప్లాటో చెప్పాడు, 1878లో రేలీ దానికి లెక్క కట్టాడు. ముగ్గు పిండికి ఆ బిగువే లేదు కాబట్టి దాన్ని చుక్కలుగా తెంపేవాళ్లూ లేరు.

ధార పక్షం: జానెడు ఎత్తునుంచి కాబట్టి తెగలేదు. ఇంకాస్త ఎత్తునుంచి వదులు. 2009లో షికాగో వాళ్లు మిల్లీమీటరులో పదో వంతు ఉండే గాజుపూసలను గాలి తీసేసిన పొడవాటి గొట్టంలో ధారగా జారవిడిచారు. దాని పక్కనే వేగంగా చిత్రాలు తీసే కెమెరాను కూడా, ధారతో సమానంగా, కిందికి పడేశారు. లక్షల ఖరీదు చేసే కెమెరా! ఆ కెమెరా కంటికి ధార కదలకుండా నిలబడినట్టే ఉంటుంది. అప్పుడు కనబడింది ఏమిటంటే, ఆ పూసల ధార కూడా నడుములు నొక్కుకుని చుక్కలు చుక్కలుగా విడిపోయింది. అచ్చం కుళాయి ధారలా.

గింజ పక్షం: అచ్చంగానా? ఎందువల్ల విడిపోయిందో వాళ్లే వెతికారు కదా. గుద్దుకున్నప్పుడల్లా శక్తి పోగొట్టుకుని పూసలు గుంపు కడుతున్నాయేమో అని అంతకుముందు చాలామంది అనుకునేవారు. అది కాదని తేలింది. గాలీ కాదు, ఎందుకంటే గాలే లేదు. పూసకూ పూసకూ మధ్య అతి స్వల్పమైన అంటు ఉంది, న్యూటన్‌లో వందకోట్లో వంతు లెక్కన కొలవాల్సినంత. పూసల ఉపరితలాన్ని గరుకు చేస్తే ఆ అంటు తగ్గింది, గుంపులు కట్టడమూ తగ్గింది. దాన్ని తలతన్యతగా లెక్కగడితే మామూలు ద్రవాల తలతన్యతలో లక్షో వంతు. లక్షో వంతున్న చుట్టరికాన్ని చుట్టరికం అనాలా?

ధార పక్షం: అనాలి. లక్షో వంతు సున్నా కాదు. సున్నా అయివుంటే ఈ వాదంలో నువ్వే గెలిచేదానివి. అంత చిన్న బిగువు కూడా, కాస్త వ్యవధి ఇస్తే, ధారను చుక్కలు చేసిందంటే ఇసుకకూ నీటికీ మధ్య గోడ లేదు, వాలు మాత్రమే ఉంది.

గింజ పక్షం: వాలు అంటున్నారు కాబట్టి నేను పనిచేసిన రైసు మిల్లులోని హాపర్ దగ్గరికి రండి. కొత్తగా చేరిన రోజుల్లో నా లెక్క సుళువుగా ఉండేది. నీళ్ల ట్యాంకులో మట్టం పెరిగితే కుళాయి వేగం పెరుగుతుంది, టొరిచెల్లి చెప్పిన సూత్రం. హాపర్ నిండా తవుడు ఉంటే జోరుగా దిగాలి, ఖాళీ అవుతుంటే నెమ్మదించాలి. ఒకరోజు నిండా నింపి గేటు తెరిచాం. రెండు గుప్పిళ్లు దిగి ఆగిపోయింది. కిందనుంచి టార్చి వేసి చూస్తే లోపల తవుడు కమాను కట్టుకుని నిలబడి ఉంది, వంతెన కింద ఖాళీలా ఉంది ఆ నోరు. పైన టన్నుల బరువు, కింద ఏమీ లేదు. అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఒకాయన సుత్తి తీసుకుని హాపర్ పక్క మీద ఒకే చోట, అప్పటికే సొట్టలుపడి ఉన్న చోట, నాలుగు దెబ్బలు వేశాడు. తవుడు ధభేలున దిగింది. ఆ సొట్టలు చూసినప్పుడు నాకు అర్థమైంది, నాకంటే ముందు ఎంతమంది ఆ రేకుతో మాట్లాడారో. నీళ్ల ట్యాంకుకు అలాంటి సొట్టలు ఎక్కడైనా చూశారా?

ధార పక్షం: చూడలేదు. తవుడు జిగట పదార్థం కదా, వడ్ల సంగతేమిటి?

గింజ పక్షం: వడ్లు బాగానే దిగుతాయి. దిగేటప్పుడు కూడా నీళ్ల మాట వినవు. గాదె నిండా ఉన్నా, సగానికి వచ్చినా, కన్నంలోంచి వచ్చే జోరు ఒకటే. ఇసుక గడియారం శతాబ్దాలపాటు పనికొచ్చింది అందుకే. నీళ్లతో అదే సీసా చేస్తే మొదట గబగబా, చివర చుక్కచుక్కగా. 1895లో జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు ధాన్యం గాదెల్లో కొలిచి చెప్పాడు: గింజల బరువులో ఎక్కువ భాగాన్ని గోడలే ఘర్షణతో మోసేస్తాయి, కాబట్టి కొంత లోతు దాటాక అడుగున పీడనం పెరగదు. 1961లో బెవర్లూ, అతని తోటివాళ్లు రకరకాల విత్తనాలు కన్నాల్లోంచి జారవిడిచి ఒక సూత్రం రాశారు. నీళ్లకు కన్నం వ్యాసం రెట్టింపయితే ప్రవాహం నాలుగింతలు. గింజలకు ఐదున్నర ఇంతలకు పైనే. ఆ వ్యాసంలోంచి కూడా ముందు గింజ సైజుకు ఒకటిన్నర రెట్లో కాస్త తక్కువో తీసెయ్యాలి. ఆ మేర కన్నం ఉన్నా లేనట్టే. ద్రవాల సూత్రంలో నీటి అణువు సైజు ఎక్కడైనా రాశారా? ఇక్కడ రాయక తప్పదు. నాలుగైదు గింజల వెడల్పు కూడా లేని కన్నమైతే అసలు మూసుకునే పోతుంది.

ధార పక్షం: ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. కన్నం దగ్గర గింజలది గింజల తీరే. ఒక్క చిన్న సవరణ: జోరు మారకపోవడానికి జాన్సెన్ చెప్పిన పీడనమే కారణమని పుస్తకాలు రాస్తాయి గానీ, కన్నం దగ్గర పీడనం మారినా గింజల జోరు మారదని 2010లో ఒక ప్రయోగం చూపించింది. గింజలు కన్నం పైన ఒక కమాను అంచునుంచి స్వేచ్ఛగా రాలడం మొదలుపెడతాయి, ఆ కమాను సైజు కన్నం సైజే, పైన ఎంత ఉందన్నది దానికి పట్టదు. నీ వాదానికి ఇది బలమే చేకూరుస్తుందని తెలిసే చెప్తున్నాను. అయితే అమ్మాయీ, నువ్వు చూపించినవన్నీ ధార పుట్టేచోటు. పుట్టాక దాని నడత ఏమిటో చూశావా?

గింజ పక్షం: చెప్పండి.

ధార పక్షం: 1833లో ఫ్రాన్సులో సావార్ అనే ఆయన నీటి ధారను ఒక చిన్న బిళ్ల మీదికి కొట్టించాడు. నీళ్లు బిళ్ల అంచునుంచి పలచటి గొడుగులా విచ్చుకుని, తలతన్యత లాగడంతో వంగి, గంట ఆకారంలో మూసుకున్నాయి. 2007లో షికాగో వాళ్లు అదే పని గాజుపూసల ధారతో చేశారు. ధారలో పూసలు పలచగా ఉన్నప్పుడు ప్రతిదీ బిళ్లను తాకి ఇష్టం వచ్చినట్టు ఎగిరిపోయింది, నువ్వు చెప్పే గింజల్లాగే. ధారను దట్టం చేశారు. అప్పుడు పూసలన్నీ కలిసి పలచటి రేకులా, నున్నటి గొడుగులా విచ్చుకున్నాయి. గొడుగు ఎంత వాలాలో బిళ్ల వెడల్పూ ధార వెడల్పూ నిర్ణయించాయి, నీళ్లలో లాగే. ఒక్కటే తేడా: గొడుగు వంగి మూసుకోలేదు, చెప్పుకోదగ్గ తలతన్యత లేదు కాబట్టి. నీటి ధార వేగం పెంచుతూ పో, తలతన్యత లెక్కలోకి రాకుండాపోతుంది, అప్పుడు నీటి గొడుగు అచ్చం పూసల గొడుగవుతుంది. తలతన్యత సున్నా అయిన ద్రవం అని వాళ్లు దానికి పేరు పెట్టారు. ఒకే దిక్కుకు, ఒకే ఒద్దికతో పోతున్న ఆ రేకును చూస్తే, అందులో ఒక్కొక్క గింజ ఏ పదార్థంతో చేసిందో అడగాలనే అనిపించదు.

గింజ పక్షం: ఆ బొమ్మలు నేనూ చూశాను. అబద్ధం చెప్పను, చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ దట్టమైన ధార లోపల ఏముందో 2013లో మళ్లీ షికాగో వాళ్లే వెతికారు. బిళ్లకు ఆనుకుని ఒక పెద్ద చచ్చుపడ్డ భాగం ఉంది. పూసలు అక్కడ కుప్పగా కూర్చుని కదలనే కదలవు. మిగతా పూసలు ఆ కుప్ప మీదుగా జారిపోతున్నాయి. నీటి ధారలో అలాంటి కుప్ప ఉండదు. పైగా గుద్దుకోవడంలో, రాసుకోవడంలో శక్తి విపరీతంగా నష్టమవుతోంది.

ధార పక్షం: పూర్తిగా చెప్పు మరి. బిళ్ల ఆకారం మార్చినా, ఘర్షణ మార్చినా గొడుగు వాలు దాదాపు మారలేదు. శక్తి అంత నష్టమవుతున్నా, ఏ జిగటా లేని ఆదర్శ ద్రవానికి కట్టిన లెక్కే దానికీ సరిపోయిందని వాళ్లు రాశారు. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

గింజ పక్షం: దానర్థం నాకు తిరగబడి కనిపిస్తోంది. లోపల కుప్ప ఉన్నా, లేకపోయినా, రాపిడి ఉన్నా, లేకపోయినా బయటి ఆకారం ఒకటే అయితే, ఆ ఆకారం లోపలి సంగతి ఏమీ చెప్పడం లేదన్నమాట. ఎవరు చేసినా ఒకేలా పడే వేలిముద్రను పట్టుకుని దొంగను పోల్చలేం కదా. గొడుగు చూసి ఇది ద్రవం అని మీరెలా అంటారు?

ధార పక్షం: లోపలి సంగతి పట్టించుకోకపోవడమే సూత్రం లక్షణం. తేనె, పాదరసం, నూనె, నీళ్లు: నాలుగింటి అణువులకూ ఏ పొంతనా లేదు. అయినా ఒకే సమీకరణాలు. ద్రవ్యరాశి నిలకడగా ఉండాలి, ద్రవ్యవేగం నిలకడగా ఉండాలి. ఈ రెండూ పాటించే గుంపు ఏదైనా తగినంత దట్టంగా ఉంటే అలాగే నడుస్తుంది. నువ్వు పోలిక అంటున్నదాన్ని నేను చుట్టరికం అంటున్నది అందుకే.

గింజ పక్షం: నీటికి ఆ హక్కు ఎలా వచ్చిందో మనకు తెలుసు మాస్టారూ. ఒక్క చుక్కలో కోటానుకోట్ల కోట్ల అణువులు, వేడి వాటిని క్షణం కూడా కుదురుగా ఉండనివ్వదు. ఎక్కడైనా తేడా వస్తే ఆ కుదుపే సర్దేస్తుంది. అందుకే నీటికి గతం గుర్తుండదు. ఇసుక రేణువుకు ఆ వేడి లెక్కే కాదు. రేణువును దాని ఎత్తంత పైకి లేపాలంటే, వేడి ఇచ్చే శక్తికి లక్ష కోట్ల రెట్లు కావాలి. ఎవరో తొయ్యకపోతే అది పడ్డచోటే పడి ఉంటుంది. ధారకు అడ్డంగా కొలిస్తే పదులో వందలో గింజలు, అంతే. అయినా అది ద్రవంలా నడిచిందంటే నాకూ అబ్బురమే. ఎప్పుడు అలా నడుస్తుందో, ఎప్పుడు కమాను కట్టి మొండికేస్తుందో ముందే చెప్పగలిగితే, హాపర్ల మీద ఆ సొట్టలు ఉండేవి కావు.

ధార పక్షం: ఒక్క ప్రశ్న. చీకటిగదిలో నీకు గొడుగు వాలు ఒక్కటే కొలిచి చెప్పారనుకో. కొట్టింది వేగంగా వచ్చిన నీళ్లో పూసలో చెప్పగలవా?

గింజ పక్షం: చెప్పలేను. ధారను ఆపనిస్తే మాత్రం చెప్తాను. బోర్లించిన గిన్నె మీద నీళ్లు పోసి ఆపండి, తడి తప్ప ఏమీ మిగలదు. బియ్యం పోసి ఆపండి, గిన్నె మీద చిన్న కుప్ప నిలబడి ఉంటుంది.

ధార పక్షం: అంటే పారుతున్నంతసేపూ అది ద్రవం, ఆగిన క్షణాన గింజ అయిందన్నమాట.

గింజ పక్షం: లేదంటే మొదటినుంచీ గింజే. ఆ కుప్ప ధార ఆగాక వచ్చింది కాదు మాస్టారూ, పారుతున్నప్పుడు కూడా ధార కిందే ఉంది.